బోర్డుల పైన ఉండే ఊరు

హైదరాబాద్ పాత బజార్లలో నడిచేటప్పుడు తల కాస్త పైకెత్తాలి. కింది అంతస్తు ఎప్పుడో మారిపోయింది. షట్టర్లు, ఫ్లెక్సీలు, ఎల్‌ఈడీ లైట్లు, బయటికి వేలాడదీసిన డ్రెస్సులు. షాపు బోర్డు దాటి చూపు ఇంకో పదడుగులు పైకి వెళ్తే అక్కడ వేరే ఊరు ఉంటుంది. చెక్క బాల్కనీలు, రంగుటద్దాల కిటికీలు, సున్నంతో తీర్చిన పూలతీగలు, పిట్టగోడ మీద ఇల్లు కట్టిన సంవత్సరం. ఆ ఊరితో నాకు ముప్పై ఏళ్ళ పరిచయం. దాని గురించి రాయాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను.

తొంభైల మొదట్లో డిగ్రీ అయ్యాక గ్రూప్స్‌కి చదువుకుందామని సూర్యాపేట నుంచి వచ్చాను. కాచిగూడ స్టేషన్ దగ్గర ఒక ఇంటి మిద్దె మీద రేకుల గది. నేను, మా ఊరివాడే ఇంకొకడు. చదువంతా అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో. అక్కడ పేపర్లన్నీ వచ్చేవి, తలమీద ఫ్యాన్ తిరిగేది, రేకుల వేడి ఉండేది కాదు. బస్సులో వెళ్ళొచ్చు. కానీ ఆ టికెట్ డబ్బులు మిగిలితే సాయంత్రం చాయ్‌తోపాటు రెండు ఉస్మానియా బిస్కెట్లు వచ్చేవి. అందుకని నడక. కాచిగూడ, బడీచౌడీ, సుల్తాన్ బజార్, కోఠి, పుత్లీబౌలి, గౌలిగూడ, అఫ్జల్‌గంజ్. ఇదీ మా రూటు. పొద్దున వెళ్ళేటప్పుడు తొందర ఉండేది. సాయంత్రం వచ్చేటప్పుడు ఏ తొందరా ఉండేది కాదు. నేను చూసిందంతా ఎక్కువగా ఆ సాయంత్రాల్లోనే.

గది నుంచి బయటపడితే ముందు కాచిగూడ స్టేషన్. 1916లో నిజాం రైల్వే కోసం కట్టారు. గుమ్మటాలు, సన్నటి మినార్లు, కమాన్ల వరస. ఊరు వెళ్ళడానికి నాకు ఆ స్టేషన్‌తో పనే లేదు, మా ఊరికి బస్సే. అయినా రోజూ దాని ముందు ఒక నిమిషం ఆగేవాణ్ణి. రైలు అందుకోవాలని సామాన్లతో పరిగెత్తేవాళ్ళు, వాళ్ళ వెనక ఎర్ర చొక్కాల కూలీలు, ఆటోల హారన్లు. ఆ హడావుడి మీద గుమ్మటాలు మాత్రం పొద్దుటి ఎండలో తెల్లగా, నిదానంగా నిలబడి ఉండేవి. రైలెక్కే చోటు ఇంత అందంగా ఉండాలని ఎవరో అనుకున్నారు కదా అని సంతోషంగా ఉండేది. దీన్ని కట్టించిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, దీని నమూనా గీసిన విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు పేర్లు తర్వాతెప్పుడో లైబ్రరీలోనే చదివాను.

మా రూమ్మేట్‌కి ఇదంతా వింతగా ఉండేది. "ఏందిరా, ఆకాశంల కొశ్చన్ పేపర్ ఏమన్న కనబడుతుందా?" అనేవాడు. అంటూనే వాడూ తలెత్తి చూసేవాడు. రంగులు, గ్రిల్లుల డిజైన్లు వాడికే బాగా గుర్తుండేవి. నాకు ఏ ఇల్లు ఏ మలుపులో ఉందో గుర్తుండేది.

బడీచౌడీ మలుపులో ఒక స్టీలు సామాన్ల షాపు ఉండేది. దానిపైన పాత మేడ. మేడ నెత్తిన సున్నంలో పోసిన అంకెలు, 1934 అని. అంకెలకి రెండు పక్కలా రెండు నెమళ్ళు, ముఖాలు ఒకదానివైపు ఒకటి తిప్పి ఉన్నాయి. ఎడమ నెమలికి తోక సగం విరిగిపోయింది. ఒక వేసవిలో పొద్దున్నే వెళ్తుంటే ఆ మేడ ముందు సర్వికర్రలు కట్టి ఉన్నాయి. పైన ఒక ముసలి మేస్త్రి కూర్చుని ఉన్నాడు. నేను కింద నిలబడి చూస్తుంటే ఆయనే పలకరించాడు.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా, పొద్దుగాల్నే?"

"నెమలిని చూస్తున్న తాతా. తోక బోయింది గదా."

"దానికోసమే వచ్చిన నేను. ఎండెక్కక ముందే అయిపోవాలె."

ఆ రోజు లైబ్రరీకి ఆలస్యమైనా సరే అనుకుని అక్కడే ఉండిపోయాను. కింద తొట్లో డంగుసున్నం కలిపి ఉంది. సిమెంటు ఎందుకు పెట్టట్లేదని అడిగితే, సున్నానికి సున్నమే అతుకుతది, సిమెంటు పెడితే రెండు వానలకి పాతది కూడా పట్టుకుని ఊడొస్తది అన్నాడు. చిన్నప్పుడు ఆయన వాళ్ళ నాయనతో పనికెళ్ళినప్పుడు సున్నాన్ని గుంతలో రోజుల తరబడి నానబెట్టి, ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో వేసి నూరేవాళ్ళట. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పోసేవాళ్ళట. ఇప్పుడు గానుగ లేదు గానీ కరక్కాయ మాత్రం మానలేదని, పక్కనున్న డబ్బా మూత తీసి చూపించాడు. గోధుమరంగు నీళ్ళు, ఒగరు వాసన.

తర్వాత ఆయన చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. విరిగిన చోట ముందు తడిపాడు. వేలెడంత తాపీతో సున్నం కొంచెం కొంచెంగా పెట్టుకుంటూ తోక ఆకారం తెచ్చాడు. అది మీగడలా మెత్తగా ఉండగానే జేబులోంచి విరిగిన దువ్వెన తీశాడు. దువ్వెనతో పైనుంచి కిందికి ఒక్క గీత లాగితే చాలు, ఈకల గీతలన్నీ ఒకేసారి వచ్చేశాయి. ఈక చివర బొటనవేలితో నొక్కి కన్ను చేశాడు. ఒక్కో కన్నుకీ ఒక్కో నొక్కు. కింద నుంచి చూస్తే ఆ నొక్కులో వేలిముద్ర కనపడదు. కానీ అది అక్కడ ఉంటుంది.

"అంత ఎత్తు మీద ఎవరు జూస్తరు తాతా?" అన్నాను.

"నువ్వు జూస్తలేవా?" అన్నాడు, తల తిప్పకుండానే.

ఆ మాట తర్వాత నేను ఇళ్ళని చూసే తీరే మారింది. ఆ మేడలో ఉండేవాళ్ళకి తమ నెమళ్ళు కనపడవు. కిటికీలోంచి ఎంత వంగినా కనపడవు. అవి వీధిలో పోయేవాళ్ళ కోసమే. ఇంటాయన డబ్బు పెట్టాడు, మేస్త్రి చెయ్యి పెట్టాడు, అందం మాత్రం దారిన పోయేవాడికి వదిలేశారు. పాత ఇళ్ళన్నీ వీధికి ఏదో ఒకటి ఇచ్చేవి. ఒకటి అరుగు ఇచ్చేది, అలసిపోతే కూర్చోడానికి. ఒకటి ముందుకు వచ్చిన చూరు నీడ ఇచ్చేది. ఒకటి గుమ్మం పక్కన మంచినీళ్ళ కుండ. అద్దెకుండేవాడికి, నడిచిపోయేవాడికి కూడా ఆ ఊళ్ళో కాస్త వాటా ఉన్నట్టు అనిపించేది. జేబులో బస్సు టికెట్‌కి వెనకాడే రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఈ కాలపు అపార్టుమెంట్లు వీధికి ఇచ్చేది కాంపౌండు గోడ, దానిమీద నాటిన గాజుపెంకులు, గేటు దగ్గర ఒక వాచ్‌మన్. లోపల ఎంత ఇంటీరియర్ ఉన్నా బయటివాడికి మిగిలేది ఆ గోడే. నాకు ఇది నచ్చదు. స్థలం తక్కువ, భయాలు ఎక్కువ, కారణాలున్నాయి. అయినా నచ్చదు.

బడీచౌడీ దాటితే సుల్తాన్ బజార్. చీరలు, గాజులు, చెప్పులు, బేరాలు. ఆ రద్దీలోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901లో మొదలైన తెలుగు గ్రంథాలయం. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకటరంగారావు వంటివాళ్ళు పూనుకుని పెట్టారు. రాజభాష, కోర్టుభాష ఉర్దూగా ఉన్న రాజ్యంలో, తెలుగు పుస్తకం చదువుకోడానికంటూ ఒక గది కావాలని పట్టుబట్టినవాళ్ళు వాళ్ళు. భవనం గొప్పదని చెప్పను. అయినా ఆ బోర్డు మీది తెలుగు అక్షరాలు చూస్తే ఇంటిమనిషి కనబడినట్టుండేది. అటుగా వెళ్ళినప్పుడల్లా ఆ అక్షరాలు ఒకసారి చదువుకుని గానీ ముందుకు కదిలేవాణ్ణి కాదు.

కోఠిలో రెసిడెన్సీ ఉంది. నిజాం దగ్గర బ్రిటిష్ వాళ్ళ ప్రతినిధిగా (రెసిడెంట్‌గా) ఉన్న కర్క్‌పాట్రిక్ 1800ల మొదట్లో కట్టించుకున్న మహల్. 1857లో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషులతో వచ్చి దాడి చేసింది దీనిమీదే. 1949లో అందులోకి కోఠి ఉమెన్స్ కాలేజీ వచ్చింది. మేము మగపిల్లలం కాబట్టి గేటు దగ్గరే ఆగిపోవాలి. గోడ పక్క నుంచి వెళ్తూ చెట్ల సందుల్లో ఎత్తయిన స్తంభాలు కనబడతాయేమోనని చూసేవాళ్ళం. చాలా ఏళ్ళ తర్వాత, బాగుచేసి జనాన్ని లోపలికి రానిచ్చాక వెళ్ళి చూశాను. వెడల్పాటి మెట్లు, మెట్లకి రెండు వైపులా రాతి సింహాలు, వాటి పైన ఆ స్తంభాలు. తృప్తిగా చూశాను. కానీ నిజం చెప్పాలంటే నా మనసు ఎప్పుడూ మహళ్ళ కన్నా బజారు మేడల మీదే ఉంటుంది. మహల్ చూడమని ఎవరైనా చెబుతారు. స్టీలు షాపు మీది నెమళ్ళని చూడమని ఎవరూ చెప్పరు.

గౌలిగూడ బస్టాండు గురించి రెండు మాటలు. నేను ఊరి నుంచి వచ్చి మొదట దిగింది అక్కడే. పెద్ద కమానులా వంగిన లోహపు కప్పు, దాని కింద బస్సులు. 1932లో నిజాం రాజ్యంలో 27 బస్సులతో మొదలైన సర్వీసు నాటి నుంచీ అది బస్సుల నీడ. కండక్టర్ల కేకలు ఆ కప్పుకి తగిలి గుండ్రంగా తిరిగేవి. తర్వాత జిల్లాల బస్సులు ఇమ్లీబన్‌కి మారిపోయాయి. 2018 జులైలో ఒకరోజు ఆ కప్పు మొత్తం కూలిపోయింది. అప్పటికే ఖాళీ చేయించి ఉండటంతో ఎవరికీ ఏమీ కాలేదు. ఆ వార్త చూసిన రోజు మా ఊరివాళ్ళు చాలామంది ఫోన్లు చేసుకున్నాం. హైదరాబాద్‌లో మా అందరి మొదటి అడుగు పడింది ఆ కప్పు కిందే.

ఇక అఫ్జల్‌గంజ్. అక్కడ మూసీ ఒడ్డున నిలబడితే ఎదురుగా అవతలి ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ. ఇవతల ఉస్మానియా ఆసుపత్రి, దాని పక్కన మా లైబ్రరీ. ఇన్ని గుమ్మటాలు, ఇన్ని కమాన్లు ఒకేచోట ఎందుకు ఉన్నాయని మొదట్లో ఆశ్చర్యపోయేవాణ్ణి. దానికి కారణం వరద. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఒడ్డు మీది పేటల్ని ఊడ్చుకుపోయింది. వేలమంది పోయారు. ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించి సలహా అడిగారు. ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఊరిని మళ్ళీ పద్ధతిగా కట్టడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. నది ఒడ్డున కోర్టు, కాలేజీ, ఆసుపత్రి ఆ దశాబ్దాల్లోనే లేచాయి.

ఇది తెలిశాక ఆ ఒడ్డు నాకు ఇంకోలా కనపడసాగింది. అంత పెద్ద దెబ్బ తిన్న ఊరు, ఏదో ఒక కప్పు వేసుకుంటే చాలనుకోలేదు. రోగి వచ్చే చోటికీ, న్యాయం అడగడానికి వచ్చే చోటికీ గుమ్మటాలు పెట్టుకుంది. ఆసుపత్రి ముందు చెట్ల కింద పల్లెల నుంచి వచ్చినవాళ్ళు టిఫిన్ క్యారియర్లు విప్పుకుని తినేవాళ్ళు. వాళ్ళ వెనక రాజమహల్ లాంటి భవనం. నాకు ఆ దృశ్యం ఎప్పుడూ న్యాయంగానే అనిపించేది. ఆ అందం దక్కాల్సింది వాళ్ళకే. 2020 వానలకి వార్డుల్లోకి నీళ్ళు రావడంతో ఆ పాత భవనాన్ని ఖాళీ చేశారు. ఇప్పుడు అటు వెళ్ళినప్పుడల్లా గోడల్లో మొలిచిన రావి మొక్కలు ఇంకెంత పెరిగాయోనని చూస్తాను. రావి వేరు సున్నం సందుల్లోకి దిగితే రాయిని కూడా పక్కకి నెట్టేస్తుంది. దాన్ని పైపైన కోస్తే సరిపోదు, వేరుతో సహా చంపాలి. ఈ ముక్క కూడా నాకు మా మేస్త్రి తాతే చెప్పాడు.

లైబ్రరీ భవనం 1936 నాటిది. సంస్థ ఇంకా పాతది, 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. ఎత్తయిన హాలు, ఎత్తయిన కిటికీలు, పొడుగాటి బల్లలు. మధ్యాహ్నం మూడింటికి పడమటి కిటికీల్లోంచి వెలుతురు బల్లల మీదికి వచ్చేది. కిటికీ దగ్గర చోటు దొరకడానికి పొద్దున ఎనిమిదికే లైనులో నిలబడేవాళ్ళం. నాలాగే పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, గదుల్లో ఇరుకున బతికేవాళ్ళు, పగలంతా ఆ హాల్లో కూర్చునేవాళ్ళు. అంత ఎత్తు కప్పు కింద కూర్చుంటే మనిషికి ఊపిరి సులువుగా ఆడుతుంది. నా ఉద్యోగానికి ఎంత కష్టపడ్డానో చెప్పేటప్పుడు ఆ కిటికీలకి కూడా కొంత వాటా ఇస్తుంటాను.

ఆదివారాలు లైబ్రరీకి పోకుండా వంతెన దాటేవాళ్ళం. నయాపూల్ దాటి మదీనా చౌరస్తా వస్తే పత్తర్‌గట్టి మొదలు. ఇది కూడా వరద తర్వాత ఊరు సరిదిద్దుకున్నప్పుడు వచ్చిందే. రోడ్డుకి రెండు వైపులా ఒకే ఎత్తు రాతి కమాన్లు, ఒకదాని పక్కన ఒకటి. కమాన్ల వెనక వరండా, వరండా వెనక షాపులు, పైన ఇళ్ళు. అత్తర్లు, ముత్యాలు, పెళ్ళిబట్టలు. ఒకసారి శ్రావణంలో జోరువాన పట్టుకుంది. ఎవరూ గొడుగు తెరవలేదు, ఎవరూ పరిగెత్తలేదు. జనమంతా రోడ్డు మీంచి రెండడుగులు పక్కకు జరిగి కమాన్ల కిందికి వచ్చి, అదే నడక నడుస్తూ పోయారు. ఒక అత్తరు షాపాయన మా ఇద్దరికీ మణికట్టు మీద తలా ఒక చుక్క రాశాడు, కొనేవాళ్ళం కాదని తెలిసి కూడా. తడిసిన రాయి వాసన, గులాబీ అత్తరు వాసన కలిసిపోయాయి. ఎండకీ వానకీ నడిచే మనిషిని గుర్తుపెట్టుకుని కట్టిన వీధి ఈ ఊళ్ళో నాకు తెలిసి ఇంకోటి లేదు. ఎంత కొత్త ఫుట్‌పాత్ వేసినా దీనికి సాటి రాదు.

ఉద్యోగం వచ్చాక గది ఖాళీ చేశాను. పెళ్ళి, పిల్లలు, కూకట్‌పల్లిలో ఫ్లాటు. ఆ దారిలో నడక తగ్గింది. బడీచౌడీ నెమళ్ళ మేడ ఇప్పుడు లేదు. దాని చోట నాలుగంతస్తుల అద్దాల బిల్డింగ్ ఉంది. కూల్చేటప్పుడు నేను చూడలేదు. ఒకరోజు వెళ్ళేసరికి ఆకాశం ఎక్కువగా కనపడింది, అంతే. ఎదురు షాపాయన్ని అడిగితే, అన్నదమ్ములు పంచుకున్నారు, బిల్డర్‌కి ఇచ్చేశారు అన్నాడు. తాత దువ్వెనతో దువ్విన తోక ఏ చెత్త లారీలో పోయిందో. చాలా బాధపడ్డాను. ఇప్పటికీ ఆ మలుపు దగ్గర కళ్ళు వాటంతటవే పైకి వెళ్తాయి.

అయితే మెట్రో ఒక విచిత్రం చేసింది. సుల్తాన్ బజార్ మీదుగా లైను వేస్తున్నప్పుడు నాకు కడుపు తరుక్కుపోయింది. పాత షాపులు కొన్ని పోయాయి, వీధికి నీడ మారింది. 2020 ఫిబ్రవరిలో రైలు మొదలయ్యాక ఒకసారి ఎక్కాను. నారాయణగూడ దాటాక కిటికీలోంచి చూస్తే, ఏళ్ళ తరబడి మెడ నొప్పెట్టేలా కింద నుంచి చూసిన పై అంతస్తులన్నీ నా కంటికి దిగువకి వచ్చేశాయి. పిట్టగోడల మీది కుండలు, మిద్దెల మీద తులసికోటలు, వెనక పెరళ్ళలోకి దిగే ఇనుప చుట్టుమెట్లు. వీధిలోంచి ఎప్పుడూ కనపడనివి. ఒక మేడ నెత్తిన, రోడ్డు వైపు కాకుండా లోపలి వైపు, సున్నపు చిలక ఒకటి ఉంది. సుల్తాన్ బజార్ స్టేషన్ వచ్చేలోపు కొన్ని క్షణాలే. అయినా ఇప్పుడు ఆ లైనులో వెళ్తే ఫోన్ జేబులో పెట్టేసి కిటికీ పక్కన నిలబడతాను.

మొజంజాహీ మార్కెట్ విషయంలో మాత్రం పూర్తిగా సంతోషమే. 1935 నాటి రాతి మార్కెట్, మూలన గడియారపు గుమ్మటం. మా రోజుల్లో మసి పట్టి, వైర్లు వేలాడుతూ, బోర్డుల వెనక దాక్కుని ఉండేది. 2020లో బాగుచేసి తెరిచాక ఒక సాయంత్రం కుటుంబంతో వెళ్ళాను. రాయి కడిగారు, బోర్డులన్నీ ఒకే కొలతకి తెచ్చారు, కమాన్లు మళ్ళీ కమాన్లలా కనపడుతున్నాయి. జనం ఐస్‌క్రీములు తింటూ ముందున్న ఖాళీ చోట్లో నిలబడి గడియారం వైపు చూస్తున్నారు. పాతదాన్ని కాపాడుకుంటే దుమ్ము పట్టిన మ్యూజియం అవుతుందనేవాళ్ళని ఒకసారి అక్కడికి తీసుకెళ్ళాలి.

మా రూమ్మేట్ ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు. నేను ఏ మేడ ఫొటో పంపినా వెంటనే జవాబు పెడతాడు. "ఆ ఆకుపచ్చ తలుపుల బాల్కనీ ఉందా?" "రామ్‌కోఠి దిక్కు సూర్యకిరణాల గ్రిల్లు?" వాడి జాబితా నా దాని కన్నా పెద్దది. డిసెంబర్‌లో వస్తున్నాడు. ఈసారి చుట్టాల ఇళ్ళకి పోకముందే ఒక పొద్దున నడుద్దామని అనుకున్నాం. ముందు పత్తర్‌గట్టి, అదీ తొమ్మిదిలోపు. షట్టర్లు ఎత్తి, సరుకు కమాన్లకి వేలాడదీయక ముందే వెళ్తే స్తంభాల మీది రాతిపని మొత్తం కనపడుతుంది. ఆ తర్వాత మదీనా దగ్గర చాయ్. అక్కణ్ణుంచి గుల్జార్ హౌజ్ వైపు పోవాలా, వంతెన దాటి లైబ్రరీకి పోవాలా అన్న దగ్గరే ఇంకా తేలలేదు. వాడు లైబ్రరీ అంటున్నాడు.